మామయ్య ప్రెస్సులో ఎక్స్‌పీ డెస్క్‌టాప్‌ను దారికి తెచ్చిన అనుభవం

పాత కంప్యూటర్‌లో డెస్క్‌టాప్ రంగు మారినా, ఐకాన్లు చెదిరినా, వాల్‌పేపర్ మార్చుకోనివ్వకపోయినా మన దగ్గర ఎవరిని అడిగినా చెప్పే మందు ఒకటే: ఫార్మాట్ కొట్టేయండి. ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది. చెప్పేవాళ్లకు అది ఒక పూట పని. ఆ కంప్యూటర్ మీద బతుకుతున్న మనిషికి మాత్రం ఏళ్ల తరబడి కుదురుకున్న పనితీరు మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. విండోస్ ఎక్స్‌పీలో డెస్క్‌టాప్‌కు వచ్చే ఇబ్బందులు చాలావరకు చిన్న కారణాలవే. తెరవెనుక నడిచే ఒక సర్వీసు ఆగిపోయి ఉంటుంది, ఒక ఫైలు మారిపోయి ఉంటుంది, విండోస్ తన సెట్టింగులన్నీ రాసుకునే రిజిస్ట్రీలో ఒకచోట సున్నా బదులు ఒకటి పడి ఉంటుంది. ఓపిగ్గా వెతికితే దొరుకుతాయి. ఆమధ్య మాఘమాసం ముహూర్తాలకు ముందు హనుమకొండలో మా మామయ్య ప్రెస్సులో నేను చేసింది ఆ వెతుకులాటే. ఇలాంటి యంత్రాలతో ఇప్పటికీ పని చేసుకుంటున్నవాళ్లు చాలామంది ఉన్నారు కనుక వివరంగా రాస్తున్నాను.

మామయ్యది చిన్న ప్రెస్సు. పెళ్లి శుభలేఖలు, ఎనుమాముల మార్కెట్ అడ్తి వ్యాపారుల బిల్లు పుస్తకాలు, బడుల కరపత్రాలు, మేడారం జాతర వచ్చిన ఏడాది స్వాగత ఫ్లెక్సీల మ్యాటర్. వీటన్నిటికీ ఉన్నది ఒక్క డీటీపీ కంప్యూటర్. పెంటియం 4, 512 ఎంబీ ర్యామ్, సర్వీస్ ప్యాక్ 3 వేసిన ఎక్స్‌పీ ప్రొఫెషనల్, 17 అంగుళాల ఎల్‌సీడీ తెర.

కొత్తది కొనుక్కోవచ్చు కదా అని అడిగేవాళ్లకు ముందే చెబుతాను. మామయ్య పని అంతా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 ప్రోగ్రామ్‌లో, అను అనే తెలుగు ఫాంట్లలో ఉంది. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఎక్స్‌పీ వచ్చిన సంవత్సరమే. ఆ తరువాత దానికి 8 రాలేదు. అను ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ప్రతి తెలుగు అక్షరానికి అన్ని కంప్యూటర్లలో చెల్లే సొంత సంకేతం ఉండే పద్ధతిలో లేవు. ఫైలులో నిజంగా ఉండేవి ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల సంకేతాలు. వాటికి తెలుగు రూపం తొడిగేది ఫాంటు. అందుకే ఆ ఫైలును వేరే కంప్యూటర్‌లో తెరిస్తే "శ్రీరస్తు శుభమస్తు" ఉండవలసిన చోట అర్థం లేని గుర్తుల వరుస కనబడుతుంది. ఒక కుటుంబంలో అక్క పెళ్లికి వేసిన శుభలేఖను నాలుగేళ్ల తరువాత తమ్ముడి పెళ్లికి పేర్లు మార్చి వాడుకోవడం ప్రెస్సుల్లో రోజూ జరిగే పని. ఆ పాత ఫైళ్లు తెరుచుకోవాలంటే ఈ పాత యంత్రం ఉండాలి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ భద్రతా సవరణలు ఇవ్వడం 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది. అప్పటినుంచి మామయ్య దానికి ఇంటర్నెట్ తీగ తగిలించలేదు. మ్యాటర్ రావాలన్నా పోవాలన్నా పెన్‌డ్రైవే.

ఇక ఆయన డెస్క్‌టాప్ సంగతి. అది అలంకారం కాదు, ఆయన పనిబల్ల. ఎడమ అంచున ఈ వారం ఇవ్వవలసిన పనులు. కుడి అంచున అచ్చయిపోయి పార్టీ, అంటే పని ఇచ్చినవాళ్లు, తీసుకుపోవలసినవి. కింద మధ్యలో ప్రూఫు దిద్ది తిరిగి రావలసినవి. ఫోల్డర్లకు పేర్లు తెలుగులో, పెద్ద అక్షరాల్లో. కంటికి ఆపరేషన్ అయినప్పటినుంచి నీలం రంగు మిరుమిట్లు గొలుపుతోందని ఎక్స్‌పీలో ఉండే మూడు రంగుల్లో ఆలివ్ గ్రీన్ పెట్టుకున్నాడు. వెనుక కాకతీయ కళాతోరణం ఫోటో, అదీ పేర్లు స్పష్టంగా కనబడేలా వెలిసిన రంగులో. ఫోన్లో పార్టీతో మాట్లాడుతూనే, తెర వంక సగం చూస్తూ, కావలసిన ఫోల్డర్ మీదికి మౌస్ తీసుకుపోతాడు. పేరు చదవడు. చోటును బట్టి తెరుస్తాడు.

షాపులో పనిచేసే కుర్రాడు మంచి మనసుతోనే ఒక థీమ్ ప్యాక్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేశాడు. ఎక్స్‌పీని కొత్త విండోస్‌లా కనబడేటట్టు చేసే ప్యాక్ అది. అద్దంలా మెరిసే అంచులు, గుండ్రటి బటన్, తెర మూలన గడియారం. కంప్యూటర్ నెమ్మదించింది, అక్షరాలు చిన్నవయ్యాయి. పెద్దగా కనబడాలని అతడు రిజల్యూషన్ 800×600కి తగ్గించాడు. దాంతో ఐకాన్లన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వాటిని సర్దడానికి, ఐకాన్లను బారులు తీర్చే ఆటో అరేంజ్ నొక్కాడు. ఆపైన అతడి స్నేహితుడు ఒకరు వచ్చి ఆ ప్యాక్‌ను తీసేసి, వేగం పెరుగుతుందని ఇంకేవో సెట్టింగులు మార్చి వెళ్లాడు.

నేను వెళ్లేసరికి తెర విండోస్ 98లా బూడిదరంగులో ఉంది. ప్రతి ఐకాన్ పేరు వెనుకా ముదురు నీలం పట్టీ. ఫోల్డర్లన్నిటికీ తెల్ల కాగితం బొమ్మ. ఒక్క నొక్కుతో అన్ని విండోలనూ దించే షో డెస్క్‌టాప్ బటన్ లేదు. వాల్‌పేపర్ మార్చే పెట్టెలో అన్నీ మసకబారి, నొక్కితే కదలడం లేదు. ఫోల్డర్లు అక్షరక్రమంలో ఎడమనుంచి బారులు తీరి ఉన్నాయి.

"ఏ పని ఎక్కడుందో తెలుస్తలేదు బిడ్డా, పార్టీ ముందర నిలబడి వెతుక్కోవలసి వస్తోంది" అన్నాడు మామయ్య. ఫార్మాట్ కొట్టమని ఆయనకు అప్పటికే ఇద్దరు ముగ్గురు చెప్పారు. అను ఫాంట్ల సీడీ ఎక్కడుందో ఆయనకు గుర్తు లేదు. అలాంటి స్థితిలో ఫార్మాట్ చేయడమంటే ప్రెస్సు మూసుకోవడమే.

ముందు దేన్నీ ముట్టుకోలేదు. కనబడిన లోపాలన్నీ కాగితం మీద రాసుకున్నాను. ఒకేసారి నాలుగు మార్చితే దేనివల్ల బాగయిందో, దేనివల్ల చెడిందో తెలియదు. ఒకటి మార్చడం, కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేసి చూడటం, కాగితం మీద టిక్కు పెట్టడం. పాత యంత్రం లేచి కూర్చోవడానికి సమయం పడుతుంది కనుక ఈ పద్ధతికి చాలా ఓపిక కావాలి. కానీ ఇంకో దారి లేదు.

మొదటి పని డేటా. డిస్కు పాత ఐడీఈ రకం. దాన్ని విప్పి, యూఎస్‌బీ కన్వర్టర్‌తో నా ల్యాప్‌టాప్‌కు తగిలించి, పేజ్‌మేకర్ ఫైళ్లను, ఫాంట్ల ఫోల్డర్‌ను పూర్తిగా బయటి డిస్కులోకి ఎక్కించాను. ఆ తరువాతే వైరస్ స్కాన్. క్రమం ఇలాగే ఉండాలని నా అభిప్రాయం, ఎందుకంటే స్కాన్ చేసే ప్రోగ్రామ్ పాత ఫాంట్ ప్రోగ్రాముల ఫైళ్లను అనుమానించి తీసిపడేసే ప్రమాదం ఉంది. థీమ్ ప్యాక్‌తో పాటు వచ్చిన ఒక స్క్రీన్‌సేవర్ దొంగ సరుకని తేలింది. దాన్ని తీసేశాను.

డిస్కును తిరిగి బిగించి కంప్యూటర్ వేశాక, రిజిస్ట్రీలో ఒక భాగాన్ని విడిగా ఎక్స్‌పోర్ట్ చేసి దాచాను. చాలామందికి తెలియని చోటు ఇది. హెచ్‌కీ కరెంట్ యూజర్ కింద సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, షెల్‌నోరోమ్, బ్యాగ్స్, 1, డెస్క్‌టాప్. ఏ ఐకాన్ తెర మీద ఎక్కడ ఉండాలో ఎక్స్‌పీ గుర్తుపెట్టుకునేది ఇక్కడే. తెరిచి చూస్తే ఐటమ్‌పాస్ అనే పేరుతో విలువలు ఉన్నాయి, ప్రతి పేరు చివరా ఒక రిజల్యూషన్. ఒకటి 800×600. ఇంకొకటి 1280×1024. అంటే చోట్లను రిజల్యూషన్‌వారీగా విడివిడిగా రాసుకుంటుంది. కుర్రాడు ఐకాన్లను సర్దింది 800×600లో. 1280×1024 పేరుతో ఉన్న విలువ మామయ్య పాత అమరిక. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అది చూడగానే నాకు పోయిన ప్రాణం లేచివచ్చింది. ఆ విలువను చెరపకుండా చివరిదాకా కాపాడుకోవాలి, మిగతావన్నీ దాని తరువాతే.

బూడిదరంగు సమస్యతో మొదలుపెట్టాను. ఎక్స్‌పీకి రంగు, గుండ్రటి మూలలు ఇచ్చేది థీమ్స్ అనే సర్వీసు. అది ఆగితే తెర తనంతట తాను పాత క్లాసిక్ రూపానికి పోతుంది. రన్ పెట్టెలో సర్వీసెస్ ఎంఎస్‌సీ అని కొట్టి చూస్తే, థీమ్స్ ఎదురుగా డిజేబుల్డ్ అని ఉంది. వేగం కోసం ఆపేసి ఉంటారు. ఆటోమేటిక్‌కు మార్చి, స్టార్ట్ నొక్కాను. డిస్‌ప్లే ప్రాపర్టీస్‌లో అపియరెన్స్ పేజీ తెరిస్తే, అంతకుముందు లేని విండోస్ ఎక్స్‌పీ స్టైల్ వరుసలో కనబడింది. ఎంచుకున్నాను, తెర పచ్చబడింది. కంప్యూటర్ ఆపి వేస్తే మళ్లీ బూడిద.

సర్వీసు నడుస్తూనే ఉంది. ఎక్స్‌పీ సొంత రూపం ఉండే లూనా ఫైలు విండోస్ ఫోల్డర్‌లోని రిసోర్సెస్ కింద థీమ్స్‌లో భద్రంగానే ఉంది. మరి ఎక్కడ తేడా? ఇక్కడ కొంచెం లోపలి సంగతి చెప్పాలి. ఎక్స్‌పీ తన థీమ్ ఫైళ్ల మీద మైక్రోసాఫ్ట్ సంతకం ఉందా లేదా అని పరిశీలించాకే వాటిని తెర మీద వేస్తుంది. ఆ పరిశీలన చేసేది విండోస్ ముఖ్యమైన ఫైళ్లుండే సిస్టమ్32 ఫోల్డర్‌లోని యుఎక్స్‌థీమ్ అనే డీఎల్ఎల్ ఫైలు (ప్రోగ్రాములు వాడుకునే కోడ్ ఉండే ఫైలు). బయటివాళ్లు చేసిన థీమ్‌లకు సంతకం ఉండదు. అందుకని ఇలాంటి ప్యాకులు ఆ ఫైలును తీసి, పరిశీలన చేయకుండా దిద్దిన ఇంకో ఫైలును దాని స్థానంలో పెడతాయి. ప్యాక్‌ను తీసేసినా దిద్దిన ఫైలు అక్కడే ఉండిపోవచ్చు.

సిస్టమ్32 తెరిచి, ఆ ఫైలు మీద కుడి నొక్కు నొక్కి, ప్రాపర్టీస్‌లో వెర్షన్ పేజీ చూశాను. చివరి అంకెలు 2180. దాని పక్కనే షెల్32 ఫైలు వెర్షన్ చూశాను. చివరి అంకెలు 5512. 2180 సర్వీస్ ప్యాక్ 2 నాటిది, 5512 సర్వీస్ ప్యాక్ 3ది. సర్వీస్ ప్యాక్ 3 యంత్రంలో సర్వీస్ ప్యాక్ 2 ఫైలు ఎందుకుంటుంది? ఎవరో తెచ్చి పెడితేనే. విండోస్ ముఖ్యమైన ఫైళ్లకు నకళ్లు దాచుకునే డీఎల్ఎల్‌క్యాష్ ఫోల్డర్‌లో చూస్తే అక్కడా 2180 ఉంది. ప్యాక్ రెండుచోట్లా మార్చింది.

అసలు ఫైలు కోసం ఇంటర్నెట్‌లో వెతకవలసిన పని లేదు. ఏదో సైటులోంచి డీఎల్ఎల్ దించుకోవడం కన్నా ప్రమాదం ఇంకొకటి ఉండదు. సర్వీస్ ప్యాక్ 3ను పైనుంచి వేసిన యంత్రాల్లో, ఎవరూ చోటు కోసం తుడిచేయకపోతే, విండోస్ ఫోల్డర్‌లోనే సర్వీస్‌ప్యాక్‌ఫైల్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. దానిలో ఐ386. అందులో 5512 అంకెతో అసలు యుఎక్స్‌థీమ్ ఉంది. విండోస్ నడుస్తున్నంతసేపూ పాత ఫైలు వాడుకలోనే ఉంటుంది కనుక దాని మీద కొత్తది పడదు. ఎక్స్‌పీ సీడీ పెట్టి, దానితో బూట్ చేసి, ఆర్ నొక్కి, విండోస్ నడవకుండానే ఫైళ్లను మార్చనిచ్చే రికవరీ కన్సోల్‌లోకి వెళ్లాను. నల్ల తెర మీద దిద్దిన ఫైలుకు పేరు మార్చి, ఐ386లో ఉన్నదాన్ని సిస్టమ్32లోకి, డీఎల్ఎల్‌క్యాష్‌లోకి కాపీ చేశాను. సీడీ తీసి మామూలుగా వేశాక ఆలివ్ గ్రీన్ పెట్టాను. ఆపి వేశాను. పచ్చగానే ఉంది. మళ్లీ ఆపి వేశాను. పచ్చగానే ఉంది.

నీలం పట్టీలకు రెండు కారణాలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. మై కంప్యూటర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ పేజీ, పెర్ఫార్మెన్స్ సెట్టింగ్స్‌లో వేగానికే ప్రాధాన్యమిచ్చే ఎంపిక పెట్టి ఉంది. అది పెడితే అక్కడి గడులన్నీ ఖాళీ అవుతాయి. డెస్క్‌టాప్ ఐకాన్ల పేర్లకు నీడ వేసే గడి కూడా వాటిలో ఒకటి. నీడ ఉంటేనే పేరు వెనుక వాల్‌పేపర్ కనబడుతుంది, లేకపోతే డెస్క్‌టాప్ రంగు పట్టీలా పడుతుంది. 512 ఎంబీ యంత్రంలో అన్నీ పెట్టుకోవడం దండగ. విజువల్ స్టైల్స్, పేర్ల నీడ, అక్షరాల అంచులు నునుపు చేసేది, ఈ మూడు ఉంచి మెనూలు జారుతూ తెరుచుకోవడం లాంటివన్నీ వదిలేశాను. మామయ్యకు వాటితో పని లేదు.

అయినా పట్టీలు పోలేదు. అప్పుడు డెస్క్‌టాప్ మీద కుడి నొక్కు నొక్కి ఐకాన్లను అమర్చే మెనూ చూస్తే, వెబ్ అంశాలకు తాళం వేసే వరుస పక్కన టిక్కు ఉంది. థీమ్ ప్యాక్ తెర మూలన పెట్టిన గడియారం నిజానికి డెస్క్‌టాప్ మీద పరిచిన ఒక వెబ్ పేజీ. ఎక్స్‌పీలో యాక్టివ్ డెస్క్‌టాప్ అనే పాత ఏర్పాటు ఉంది. వెబ్ పేజీని వాల్‌పేపర్ మీద అతికించవచ్చు, కదలకుండా తాళం వేయవచ్చు. ఆ తాళం ఉన్నంతసేపూ పేర్లు పారదర్శకంగా కనబడవు. టిక్కు తీసి, కస్టమైజ్ డెస్క్‌టాప్‌లో వెబ్ పేజీలోకి వెళ్లి, గడియారం ఆనవాలును కూడా చెరిపేశాను. పట్టీలు మాయమయ్యాయి.

వాల్‌పేపర్ తాళం తేలిగ్గానే విడింది. ఆ స్క్రీన్‌సేవర్ చేసిన నిర్వాకమే అయి ఉండాలి. రిజిస్ట్రీలో కరెంట్ యూజర్ కింద కరెంట్ వెర్షన్, పాలసీస్, యాక్టివ్‌డెస్క్‌టాప్‌లో వాల్‌పేపర్ మార్చనివ్వవద్దని చెప్పే విలువ ఒకటిగా ఉంది. దాన్ని చెరిపి, లాగాఫ్ అయి వచ్చాక కళాతోరణం తిరిగి వచ్చింది.

ఫోల్డర్ల బొమ్మల విషయంలో చాలామంది తప్పు చోట వెతుకుతారు. ఎక్స్‌పీ ఐకాన్ల బొమ్మలను ప్రతిసారీ కొత్తగా గీయదు. ఐకాన్‌క్యాష్ అనే ఫైలులో దాచుకుంటుంది. అది పాడయితే బొమ్మలు తారుమారు అవుతాయి, చెరిపితే మళ్లీ తయారవుతుంది. యూజర్ పేరు కింద లోకల్ సెట్టింగ్స్, అప్లికేషన్ డేటాలో దాగి ఉంటుంది. కానీ ఇక్కడ దాన్ని చెరిపినంత మాత్రాన బాగుకాలేదు. అసలు ఆజ్ఞ వేరేచోట ఉంది. రిజిస్ట్రీలో లోకల్ మెషిన్ కింద ఎక్స్‌ప్లోరర్‌లో షెల్ ఐకాన్స్ అనే భాగం ఉంది. అక్కడ 3 అనే పేరుతో మూసిన ఫోల్డర్‌కు, 4 అనే పేరుతో తెరిచిన ఫోల్డర్‌కు ఏ బొమ్మ వాడాలో రాయవచ్చు. ప్యాక్ తన బొమ్మల ఫైలును అక్కడ రాసి, పోతూ పోతూ ఆ ఫైలును మాత్రం తీసుకుపోయింది. లేని బొమ్మను వెతికి వెతికి ఎక్స్‌పీ తెల్ల కాగితం పెడుతోంది. ఆ రెండు విలువలు చెరిపాను. ఆ తరువాత టాస్క్ మేనేజర్‌లో, డెస్క్‌టాప్‌ను, టాస్క్‌బార్‌ను చూపే ఎక్స్‌ప్లోరర్ ప్రోగ్రామ్‌ను ఆపి, కమాండ్ ప్రాంప్ట్‌లోంచి ఐకాన్‌క్యాష్ ఫైలును తీసేసి, ఎక్స్‌ప్లోరర్‌ను మళ్లీ లేపాను. ఎక్స్‌ప్లోరర్ ఆపకుండా చెరిపితే, కంప్యూటర్ ఆపేటప్పుడు అది తన దగ్గరున్న పాత బొమ్మలనే మళ్లీ రాసిపెడుతుంది. పసుపుపచ్చ ఫోల్డర్లు తెర నిండా కనబడగానే పక్కన నిలబడి చూస్తున్న కుర్రాడు "అక్కా, వచ్చేశాయి!" అని అరిచాడు.

షో డెస్క్‌టాప్ బటన్ చేయడం నాకు చాలా ఇష్టమైన పని. అది ప్రోగ్రామ్ కాదు, అయిదు వరుసల నోట్‌ప్యాడ్ ఫైలు. మొదటి వరుసలో బ్రాకెట్ల మధ్య షెల్. రెండోది కమాండ్, దానికి విలువ 2. మూడోది ఐకాన్ ఫైలు, ఎక్స్‌ప్లోరర్‌లోని 3వ బొమ్మ. నాలుగోది మళ్లీ బ్రాకెట్లలో టాస్క్‌బార్. అయిదోది కమాండ్, దానికి విలువ టాగుల్‌డెస్క్‌టాప్. దీన్ని ఎస్‌సీఎఫ్ అనే తోకతో దాచి, క్విక్ లాంచ్ ఫోల్డర్‌లో పెడితే స్టార్ట్ బటన్ పక్కన ఆ బుల్లి బొమ్మ వస్తుంది. కుర్రాడిని కూర్చోబెట్టి అతడితోనే కొట్టించాను. తాను టైపు చేసిన అయిదు వరుసలు బటన్‌గా మారి అన్ని విండోలనూ కిందికి దించడం చూసి అతడి మొహం వెలిగిపోయింది. థీమ్ ప్యాక్ వేసినందుకు అందరి చేతా మాటలు పడ్డాడు పాపం. ఆసక్తి ఉన్న పిల్లవాడు. నేర్పేవాళ్లు ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

ఇక చోట్లు. ఇక్కడ క్రమం తప్పితే మొత్తం పోతుంది. ఆటో అరేంజ్ టిక్కుతోనే 1280×1024కి వెళ్తే, ఎక్స్‌పీ అక్కడ కూడా ఐకాన్లను బారులు తీర్చి, ఆ కొత్త వరుసను పాత అమరిక మీద రాసేస్తుంది. కనుక మొదట ఆటో అరేంజ్ తీసేశాను. తరువాత రిజల్యూషన్ 1280×1024 పెట్టాను. 17 అంగుళాల ఆ తెరకు సహజమైన కొలత అదే. అంతకన్నా తగ్గిస్తే ఎల్‌సీడీలో అక్షరాలు అలుక్కుపోతాయి. ఆపైన ఎక్స్‌ప్లోరర్‌ను టాస్క్ మేనేజర్‌లో ఆపి, మొదట దాచిన రిజిస్ట్రీ భాగాన్ని తిరిగి ఎక్కించి, ఎక్స్‌ప్లోరర్‌ను లేపాను. ఇక్కడా అదే సూత్రం. నడుస్తున్న ఎక్స్‌ప్లోరర్ లాగాఫ్ సమయంలో తన లెక్కనే రాసుకుంటుంది కనుక దాన్ని ఆపాకే ఎక్కించాలి.

ఎడమ అంచున ఈ వారం పనులు, కుడి అంచున అచ్చయినవి, కింద మధ్యలో ప్రూఫులు. ఆ తరువాత చేసిన కొత్త ఫోల్డర్లు మాత్రం ఖాళీ దొరికినచోట నిలబడ్డాయి. వాటిని మామయ్య తానే ఒక్కొక్కటిగా లాగి సర్దుకున్నాడు. సర్దుతూ, "ఈ కాజీపేట పార్టీది నిన్ననే ఇవ్వవలసింది" అని ఫోన్ తీశాడు.

మిగిలింది అక్షరాల పరిమాణం. కుర్రాడు రిజల్యూషన్ తగ్గించడానికి మూలం అదే కనుక దీన్ని సరిచేయకపోతే కథ మళ్లీ మొదటికి వస్తుంది. ఎక్స్‌పీలో ఐకాన్ పేర్లకు మామూలుగా టహోమా 8 ఉంటుంది. తెలుగు పేరు రాస్తే టహోమాలో తెలుగు లేదు కనుక గౌతమి ఫాంటు అందుకుంటుంది. విండోస్‌లో తెలుగుకు చోటు దొరికింది ఎక్స్‌పీతోనే, గౌతమి దానితోనే వచ్చింది. (మీ యంత్రంలో తెలుగు బదులు డబ్బాలు కనబడుతుంటే, కంట్రోల్ ప్యానెల్‌లో రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్, లాంగ్వేజెస్ పేజీలో కాంప్లెక్స్ స్క్రిప్ట్ గడికి టిక్కు పెట్టండి. సీడీ అడుగుతుంది.) 8 సైజులో గౌతమి కళ్లకు పరీక్షే. అపియరెన్స్ పేజీలో అడ్వాన్స్‌డ్ నొక్కి, అంశాల వరుసలో ఐకాన్ ఎంచుకుని ఫాంటు సైజు 12 చేశాను. అప్పుడు ఇంకో చిక్కు. "పెళ్లి కార్డులు – హన్మకొండ" అని రెండు వరుసల్లో పడే పేరులో కింది వరుస, దాని దిగువన ఉన్న ఐకాన్‌ను తాకుతోంది. "పెళ్లి" కింద ల వత్తు, "హన్మ" కింద మ వత్తు కూడా ఇరుకున పడ్డాయి. తెలుగుకు ఒత్తుల వల్ల కిందికి చోటు కావాలి. అదే వరుసలో ఐకాన్ల మధ్య నిలువు ఎడం అని ఒక అంశం ఉంది, మామూలు విలువ 43. దాన్ని పెంచుతూ పోయి, ఒత్తులు ఊపిరి పీల్చుకున్నచోట ఆపాను. ఎఫెక్ట్స్‌లో అక్షరాల నునుపుకు క్లియర్‌టైప్ పెట్టాను. ఎక్స్‌పీలో అది మొదటనుంచీ పెట్టి ఉండదు, మనమే పెట్టుకోవాలి. ఎల్‌సీడీ తెర ఉన్నవాళ్లు మిగతా ఏదీ చేయకపోయినా ఇది ఒక్కటి చేసి చూడాలి.

ఎడం మారాక కొన్ని ఐకాన్లు కాస్త జరిగాయి. మామయ్య వాటిని కూడా సర్దాక, లాగాఫ్ అయి వచ్చి, ఐకాన్ల చోట్లున్న రిజిస్ట్రీ భాగాన్ని మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేశాను. థీమ్స్ పేజీలో సేవ్ యాజ్ నొక్కి రంగులు, ఫాంట్లు, వాల్‌పేపర్ ఉన్న థీమ్ ఫైలును దాచాను. థీమ్ ఫైలులో ఐకాన్ల చోట్లు ఉండవు, అందుకే రెండూ కావాలి. రెండింటినీ పెన్‌డ్రైవ్‌లో వేసి, బిల్లు పుస్తకాల బీరువాలో పెట్టించాను. అను ఫాంట్ల ఫోల్డర్ నకలు కూడా దానిలోనే.

కుర్రాడి కోసం కంప్యూటర్‌లో వేరే యూజర్ ఖాతా చేశాను, పరిమిత హక్కులతో. ఎక్స్‌పీలో వాల్‌పేపర్, రంగులు, ఐకాన్ల చోట్లు ఎవరి ఖాతాకు వారివే. అతడు తన ఖాతాలో ఇష్టమైన హీరో ఫోటో పెట్టుకున్నా మామయ్య తెర మారదు, పరిమిత ఖాతా నుంచి సిస్టమ్32లో ఫైళ్లు మార్చడమూ కుదరదు. అయితే పాత ప్రోగ్రాములు కొన్ని తమ సొంత ఫోల్డర్‌లోనే ఏవేవో రాసుకుంటాయి, పరిమిత ఖాతాలో అది కుదరక ఆగిపోతాయి. పేజ్‌మేకర్ కూడా అతడి ఖాతాలో తెరుచుకోనని మొండికేసింది. ఫోల్డర్ ఆప్షన్స్‌లో సులభ ఫైల్ షేరింగ్ టిక్కు తీస్తే, ప్రొఫెషనల్ ఎక్స్‌పీలో ఫోల్డర్ ప్రాపర్టీస్‌కు సెక్యూరిటీ పేజీ వస్తుంది. పేజ్‌మేకర్ ఫోల్డర్‌కు మాత్రమే అతడి ఖాతాకు రాసే హక్కు ఇచ్చాను. తెరుచుకుంది. ఆ సాయంత్రం అతడు ఆ ఖాతాలోంచే ఒక శుభలేఖ మ్యాటర్ కొట్టి ప్రూఫు తీశాడు.